కడిగిన ట్యూబులు

మా ఇంట్లో బట్టల బీరువా పైన ఒక అట్టపెట్టె ఉంటుంది. అందులో సీలు విప్పని చిన్న ప్లాస్టిక్ ట్యూబులు ఇరవై దాకా ఉన్నాయి. రక్తం భద్రపరిచే ట్యూబులు. వాటి గడువు ఎప్పుడో తీరిపోయింది. దసరాకు ఇల్లు దులిపినప్పుడల్లా పారేద్దామా అని మా ఆవిడ అడుగుతుంది, వద్దంటాను. ఎందుకో ఆమెకు తెలుసు. పెట్టె తుడిచి మళ్ళీ పైన పెట్టేస్తుంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ముప్పై ఏళ్ళకు పైగా చేసిన పని అదొక్కటే. ఉండేది వికారాబాద్‌లో, పనిచేసింది తాండూరులో, ఒక ట్రస్టు నడిపిన చిన్న ఆసుపత్రిలో. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు, ఆ భవనంలో టైల్సు అమ్ముతున్నారు. పొద్దున రైలెక్కడం, సాయంత్రం రైలెక్కడం, మధ్యలో జనం రక్తమూ ఉచ్చా చూడడం, ఇంతే నా బతుకు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అంటారు. సరిగ్గా చేసినవి ఒక్కటీ గుర్తులేవు నాయనా. చెడగొట్టింది ఒకటుంది. ఓపిక ఉంటే వినండి.

ముందు మా ఆసుపత్రి పద్ధతి చెప్పాలి. మా దగ్గర కొత్త వస్తువు ఏది వచ్చినా వాడేవాళ్ళం కాదు, దాచేవాళ్ళం. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే బీరువా తాళం చూపించి, "కొత్తది చేతికొస్తే ముందు ఇండ్ల పెట్టు. పాతది పగిలేదాక వాడు. రేపు ఏం అవసరం పడ్తదో ఎవరికెరుక" అన్నాడు. ఆయన రిటైరై వెళ్ళాక బీరువా తెరిస్తే సూదులు, స్లైడ్లు, గ్లౌజులు, అన్నీ గడువు తీరిపోయి పడి ఉన్నాయి. నేను నవ్వుకున్నాను. నవ్వుకుని, అదే తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, నేనూ అదే పని చేశాను. ట్రస్టువాళ్ళు ఒక్క గాజు ట్యూబు పగిలినా సంజాయిషీ రాయించుకునేవాళ్ళు. అందుకని ట్యూబులు కడగడంలో నేను ఆరితేరాను. సబ్బుపొడి వేసి బ్రష్షుతో రుద్ది, కుళాయి కింద నాలుగుసార్లు తిప్పి, స్టాండులో బోర్లించి ఆరబెట్టేవాణ్ణి. ఆఖరున డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడగాలని పుస్తకంలో ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ కూడా బీరువాలోనే ఉండేది.

ఆ పాపను నేను మొదట చూసినప్పుడు ఎనిమిది నెలలు. యాలాల్ వైపు ఊరు. తండ్రి నాపరాయి పాలిష్ చేసే మిషను మీద పనిచేసేవాడు. ఇంతకుముందు ఒక బాబు పుట్టి వారం తిరక్కుండా పోయాడు. ఈ పాప పుట్టిన నాలుగో రోజు పాలు తాగక మత్తుగా పడుకుంటే, తల్లి ఎవరి మాటా వినకుండా హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ రోగం తేలింది. పాప ఒంట్లో పుట్టుకతోనే ఒక ఎంజైము లేదు. అది లేకపోతే పప్పు, పాలు లాంటి వాటిలో ఉండే మాంసకృత్తులు అరిగాక మిగిలే విషం బయటికి పోదు, మెదడుకు ఎక్కుతుంది. అందుకని కొలిచి కలిపిన ప్రత్యేకమైన డబ్బాపాలు, రోజుకు ఇన్నిసార్లని ఒక మందుపొడి, అంతే ఆహారం. చుట్టూ కందిచేలు, ఇంటినిండా కందిపప్పు, ఆ పిల్లకు మాత్రం పప్పుకట్టు చెంచాడు కూడా తగలకూడదు.

పాప జుట్టు కోసిన మడిలో కొయ్యకాళ్ళలాగా పొట్టిపొట్టిగా తెగిపోయి ఉండేది. అదీ ఆ రోగం గుణమేనట. ఇంకొకటి కూడా ఉంది. పాపకు బీపీ. మా నర్సు సిస్టర్ మొదటిసారి చూసి మిషను చెడిపోయిందనుకుంది. రెండో మిషను తెచ్చింది, అదీ అంతే చూపించింది. మందులు వాడుతున్నా దిగట్లేదు.

అప్పుడు హైదరాబాద్‌లో పాపకు వైద్యం చేస్తున్న డాక్టరమ్మ నాకు ఫోన్ చేసింది. ఆమెను అప్పటికి నేను చూడలేదు, ఫోన్లో గొంతే పరిచయం. ఓపిగ్గా చెప్పింది. "మన రక్తనాళాలు బిగుసుకోకుండా వదులుగా ఉండడానికి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు కావాలండీ. అది ఒంట్లోనే పుడుతుంది. ఈ ఎంజైము లేని పసిపిల్లల్లో అది సరిగ్గా పుట్టట్లేదని మా అనుమానం. వాయువును మనం పట్టుకోలేం, క్షణంలో పోతుంది. కానీ పోతూ పోతూ రక్తంలో నైట్రేట్ లాంటి లవణాలు వదిలిపోతుంది. వాటిని కొలిస్తే ఎంత పుట్టిందో తెలిసిపోతుంది."

అవి తక్కువగా ఉన్నాయని తేలితే, ఆ వాయువును వేరే దారిలో అందించే మందు ఒకటి ఇచ్చి చూస్తారు. కొద్దిమంది పిల్లలకే. పాప ఆ జాబితాలో చేరాలంటే రక్తం రెండుసార్లు పరీక్ష చేయాలి. ప్రతిసారీ హైదరాబాద్ దాకా తిప్పితే పాప తట్టుకోలేదు, కాబట్టి రక్తం తాండూరులో నేను తీయాలి. తీసి, మిషనులో గిర్రున తిప్పి, పైన తేలిన పసుపు నీటిని ట్యూబులో పోసి, ఐసు పెట్టెలో పెట్టి సాయంత్రం రైల్లో తీసుకెళ్ళాలి. వికారాబాద్ స్టేషన్‌లో వాళ్ళ మనిషి వచ్చి పెట్టె అందుకుంటాడు.

"శాంపిల్‌కు ముందు రెండు రోజులు పాపకు ఆకుకూర గుజ్జు లాంటివి చుక్క కూడా పెట్టొద్దని చెప్పండి. వాటిలోనూ ఈ లవణాలే ఉంటాయి. పాలు కలిపే నీళ్ళు కూడా ఫిల్టరువే వాడమనండి" అని కూడా చెప్పింది.

చెప్పాను. తల్లి తలాడించింది. తండ్రి ఫిల్టర్ నీళ్ళ క్యాను సైకిల్ మీద తెచ్చేవాడు.

హైదరాబాద్ నుంచి ఒక పార్సిల్ వచ్చింది. అందులో సీలు వేసిన ట్యూబులు ముప్పై, నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం. రెండు శాంపిళ్ళకు ముప్పై ట్యూబులు దేనికని నాకు నవ్వొచ్చింది. కాగితంలో మొదటి పేజీ చదివాను. రక్తం ఎలా తీయాలో రాశారు. నేను రక్తం తీయడం మొదలుపెట్టేనాటికి అది రాసినవాళ్ళు బడికి కూడా వెళ్ళి ఉండరు. మిగతా మూడు పేజీలు మడిచి, ట్యూబులతోపాటు బీరువాలో పెట్టి తాళం వేశాను. పాప రక్తం మా గాజు ట్యూబులోనే పోశాను. ఉన్నవాటిలో మంచిది చూసి, ప్రత్యేకంగా రెండుసార్లు కడిగి మరీ పోశాను.

మొదటి ఫలితం ఎక్కువ వచ్చింది. మామూలు పిల్లల కంటే చాలా ఎక్కువ. డాక్టరమ్మ ఆశ్చర్యపోయి, రెండోది జాగ్రత్తగా తీయమంది. ఈసారి ట్యూబును ఆరుసార్లు కడిగాను. అంత శ్రద్ధ నా పెళ్ళినాడు మొహం కడుక్కోవడంలో కూడా చూపించలేదు. రెండో ఫలితం ఇంకా ఎక్కువ వచ్చింది.

సోమవారం పొద్దున ఫోన్. "రెండే కారణాలు ఉండాలండీ. ఆ వాయువు పాప ఒంట్లో బాగానే పుడుతూ ఉండాలి. లేదా ఇంట్లో ఏదో తినిపిస్తూ ఉండాలి. ఏదైనా సరే, పేరు తీసేయాల్సి వస్తుంది. ఎల్లుండి సాయంత్రం జాబితా మూసేస్తున్నాం. ఒకసారి తల్లిని గట్టిగా అడిగి చూడండి" అంది డాక్టరమ్మ.

మూడో కారణం కూడా ఉండొచ్చని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. నన్నే నమ్మి అడిగింది పాపం. నేను మధ్యాహ్నం ఆటో ఎక్కి ఆ ఊరికి పోయాను.

దారంతా రాళ్ళ దుమ్ము, ఎండ, కడుపులో ఆకలి, మనసులో చిరాకు. ఇంత కష్టపడుతుంటే ఈ పిల్లముండ ఏదో తినిపించి అంతా నాశనం చేసిందే అన్న కోపం. అలా అనుకున్నానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. కానీ అనుకున్నాను.

వాకిట్లో ఆ తల్లికి అత్త, పాప నాయనమ్మ, కందిపప్పు చెరుగుతోంది. తల్లి పాపను ఒళ్ళో వేసుకుని గడపలో కూర్చుంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో ఆమెకు. నిలబడే అడిగాను.

"ఏం పెట్టినవమ్మా పిల్లకు? నిజం చెప్పు."

"ఏం పెట్టలే సారు. మీరు చెప్పిన డబ్బపాలు, పొడి. గంతే."

"పిల్ల ఒంట్ల అన్ని బాగనే ఉండాలె, లేకుంటె నువ్వేమన్న పెట్టి ఉండాలె అంటున్నది పెద్ద డాక్టరమ్మ. మరి రక్తంల ఉప్పు గంతగనం ఎట్ల వచ్చింది? ఆకుకూర గిట్ల పెట్టినవా?"

"నా బిడ్డ మీద ఒట్టు సారు, పెట్టలే."

అత్త చేట కింద పెట్టింది. "నేను పప్పుకట్టు ఒక్క చెంచ తాపుతనంటె నా మీదికి పులి లెక్క వస్తది సారు. గిప్పుడు సూడున్రి. నాకు వద్దని తాను దొంగతనంగ పెడ్తున్నదన్నట్టు" అంది.

తల్లి లేచి నన్ను వంటింట్లోకి రమ్మంది. ఒక గోడకు నాపరాయి బండ నిలబెట్టి ఉంది. దాని నిండా సుద్దముక్కతో గీతలు. పాలు తాపిన ప్రతిసారీ ఒక గీత, పొడి వేసిన ప్రతిసారీ ఒక సున్న. వరసలు వరసలుగా కిందనుంచి పైదాకా ఉన్నాయి. "ఒక్కటి తప్పలే సారు. సూడున్రి" అంది.

నేను చూశాను. చూసి, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడిలాగా మాట్లాడాను.

"గీతలదేముందమ్మా, ఎవరైన గీస్తరు."

ఆమె పాపను భుజాన వేసుకుని పక్కకు తిరిగింది. బయట అత్త అంటోంది: "ఇంక నాకేం భయం? పిల్ల ఒంట్ల అన్ని బాగనే ఉన్నయని పెద్ద డాక్టరే అంటున్నది గద. రేపటి సంది నేనే పెడ్త పప్పుకట్టు." నేను గబగబా బయటికి వచ్చాను. అట్ల చేస్తే పిల్ల బతకదని చెప్పాను. అత్త ముఖంలో నమ్మకం కనిపించలేదు. నేను పంపిన రక్తమే కదా పిల్ల బాగుందని చెప్పింది.

మర్నాడు పదకొండింటికి టీ తాగుతున్నాం, నేనూ సిస్టరూ. ఆమె నాకంటే నాలుగేళ్ళు చిన్నది. పుట్టిల్లూ తాండూరే, అత్తిల్లూ తాండూరే. నన్ను భాయ్ అనేది. నేను ఆ తల్లి మీద అక్కసు వెళ్ళగక్కుతుంటే వింటూ, టీ తాగిన గాజు గ్లాసును తాను తాగే నీళ్ళ సీసా వంచి కడిగింది. ఎదురుగా కుళాయి ఉంది.

"కొనుక్కొచ్చిన నీళ్ళతోని గ్లాసు కడుగుతవేంది సిస్టర్? నల్ల లేదా?"

"జర నీ గ్లాసు సూడు భాయ్. బోరు నీళ్ళతోని కడిగితె ఎండినంక సున్నం పట్టినట్టు తెల్లగైతది. గా నీళ్ళు మంచిగ లేవని బోరు మీదనే రాసి పెట్టిన్రు గద."

బోరు మీద ఎర్ర రంగుతో "తాగరాదు" అని రాసి ఉండేది. రోజూ దాని పక్కనుంచే లోపలికి వచ్చేవాణ్ణి. నీళ్ళు పరీక్ష చేసినవాళ్ళు ఇచ్చిన కాగితం అందుకుని ఫైల్లో పెట్టింది కూడా నేనే. నైట్రేట్ మితిమీరి ఉందని అందులో రాశారు. తాగకపోతే సరిపోతుందనుకున్నాను.

టీ గ్లాసు అక్కడే పెట్టేసి ల్యాబులోకి పోయాను. స్టాండులో బోర్లించిన ట్యూబు తీసి కిటికీ దగ్గర వెలుతురుకు పట్టాను. అడుగున సన్నగా తెల్లని ఉంగరం. ఇంకోటి తీశాను. దానికీ ఉంది. కడిగిన కొద్దీ, ఆరిన కొద్దీ, ఆ ఉప్పు పొర పొరగా పేరుకుంది. అందులో పాప రక్తం నాలుగు చుక్కలు పోసి పంపించాను. బీరువా తెరిచి ఆ నాలుగు పేజీలూ తీశాను. మూడో పేజీలో, కింద గీత గీసి మరీ రాశారు. మేము పంపిన ట్యూబులు తప్ప వేరేవి వాడకూడదు, కడిగిన ట్యూబులు అసలే వాడకూడదు అని.

స్టూలు మీద కూర్చున్నాను. దొంగబుద్ధి గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. ఫోన్ చేయకుండా ఉంటే ఏమవుతుంది అనుకున్నాను. జాబితా రేపు మూసేస్తారు. ఎవరికీ తెలియదు. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది, ట్రస్టువాళ్ళు మంచి సర్టిఫికెట్ ఇస్తారు. సిస్టర్ గుమ్మంలో నిలబడి నా చేతిలో ట్యూబును చూసింది. "ఫోన్ కలుపుదునా భాయ్?" అంది. అంతే.

డాక్టరమ్మ అంతా వింది. "అయితే ఆ తల్లి ఏమీ తినిపించలేదా?" అంది.

"లేదు మేడం. నేను ఆమెను తిట్టి వచ్చిన."

"రేపు పొద్దున్నే కొత్త ట్యూబులో శాంపిల్ తీయండి. మధ్యాహ్నం రైలుకే పంపండి, సాయంత్రం దాకా ఆగలేం. దాంతోపాటు మీరు కడిగిన ట్యూబు ఒకటి ఖాళీది కూడా పంపండి. జాబితా సంగతి నేను చూస్తాను." కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

మరునాడు తొలి రైలుకే తాండూరులో దిగి, ఐసు పెట్టె, ట్యూబుల అట్టపెట్టె మొత్తం పట్టుకుని ఆటో ఎక్కాను. సిస్టర్ కూడా వచ్చింది. పాప చెయ్యి పట్టుకోవడానికన్నది. నాకు తోడుగా వచ్చిందని నాకు తెలుసు.

తల్లి పాపను కొంగుతో ఒంటికి కట్టుకుని ఉంది. నా వైపు చూడలేదు. అత్తే చెప్పింది, మొన్నటి సంది పిల్లను కింద దించట్లేదని. అత్త ఎక్కడ పప్పుకట్టు పోస్తుందోనని తల్లి రాత్రి కూడా గోడకానుకుని కూర్చునే ఉందట. అత్త గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ వినిపించింది. ఆమె కూడా ఒక మనవడిని పోగొట్టుకున్న మనిషే.

నేను గడప దగ్గర నిలబడి అత్తకు వినబడేలా చెప్పాను. "తప్పు నీది కాదమ్మా. నాది. మా బోరు నీళ్ళతోని కడిగిన సీసలల్ల నీ బిడ్డ రక్తం పోసిన. గా నీళ్ళల్లనే ఉన్నది గదంత. పిల్ల ఏం దినలే. నువ్వు సరిగనే చేసినవు. నేనే చెడగొట్టిన."

"అంటే పిల్లకు మందు గావాల్నా?" అంది అత్త.

"కావాల్సి రావొచ్చు పెద్దమ్మా. గిప్పుడు తీసె రక్తంల తెలుస్తది. అప్పటిదాక పప్పు మాట తియ్యకు."

అత్త చెరుగుతున్న చేటను పక్కకు నెట్టి లోపలికి పోయింది. మంచినీళ్ళు తెచ్చి ముందు కోడలి చేతికిచ్చింది. తరువాతే మాకిచ్చింది.

నేను అట్టపెట్టె తెరిచి ఒక ట్యూబు బయటికి తీశాను. తల్లి మొదటిసారి మాట్లాడింది.

"గా సీస జర చూపియ్యున్రి."

ఇచ్చాను. ఆమె వాకిట్లోకి పోయి ట్యూబును ఎండకు పట్టి తిప్పి తిప్పి చూసింది. ఏం చూడాలో ఆమెకు తెలియదు. అయినా చూసింది.

"గది కొత్తదేనమ్మా. సీలు నీ ముందరనే విప్పుత."

"మాటలదేముంది సారు, ఎవరైన అంటరు" అంది.

గొంతు పెంచలేదు. నా కళ్ళలోకి కూడా చూడలేదు. సిస్టర్ తల దించుకుంది. నేను వేసిన మొదటి పోటు తప్పింది. నరం రెండోసారికి దొరికింది. పాప ఏడ్చి ఏడ్చి తల్లి భుజం మీద నిద్రపోయింది.

ఆసుపత్రికి తిరిగొచ్చి రక్తం మిషనులో తిప్పి, మిగతా పూటకు సెలవు పెట్టి మధ్యాహ్నం రైల్లో నేనే పెట్టె పట్టుకెళ్ళాను. వికారాబాద్‌లో ఇవ్వకుండా హైదరాబాద్ దాకా పోయి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. ఆమెను చూడడం అదే మొదటిసారి. అనుకున్నదానికంటే చిన్నది, బాగా అలసిపోయి ఉంది. ఫలితం వచ్చేదాకా బల్ల మీద కూర్చున్నాను. పాప రక్తంలో ఆ లవణాలు లేనట్టే ఉన్నాయి. నేను కడిగిన ఖాళీ ట్యూబులో మాత్రం నిండుగా ఉన్నాయి. అంటే రెండుసార్లు పరీక్ష జరిగింది పాపకు కాదు, మా బోరుకు. ఇంకో శాంపిల్ వారంలోపల పంపే షరతు మీద డాక్టరమ్మ పాప పేరు ఉంచింది. రెండోదీ తక్కువే వచ్చింది.

ఆ మందు కూడా అదే జాతి ఉప్పు అని తెలిసి సిస్టర్, "అయితె మన బోరు నీళ్ళు తాపితె అయిపాయె గద భాయ్" అంది. నవ్వాను. కానీ ఎవరైనా నిజమని నమ్ముతారేమోనని చెబుతున్నాను, అలాంటి నీళ్ళు పసిపిల్లలకు ప్రాణం మీదికి తెస్తాయి. మందు వేరు. చుక్క చుక్క కొలిచి, పక్కన డాక్టర్ నిలబడి ఇచ్చేది.

బీపీ దిగింది. ఉన్నట్టుండి కాదు, నెల్లాళ్ళు పట్టింది. పాప పూర్తిగా బాగుపడిందని చెప్పను. నడక ఆలస్యమైంది, మాటలు ఇంకా కొన్నే. జుట్టు మాత్రం కొంచెం నిలబడింది. పప్పు ఎప్పటికీ లేదు. ఆసుపత్రి మూతపడ్డాక, మిగిలిన ట్యూబుల పెట్టె ఇంటికి తెచ్చుకుని, వికారాబాద్‌లో ఒక ల్యాబులో రెండేళ్ళు పనిచేశాను. ఆ తల్లి పాపను రైల్లో అక్కడికే తీసుకొచ్చేది. వేరేవాళ్ళ దగ్గరికి ఎందుకు పోలేదో నేను అడగలేదు. వచ్చిన ప్రతిసారీ, పాప చొక్కా చెయ్యి పైకి లాగకముందే, తల్లి ట్యూబు కోసం చెయ్యి చాపేది. ట్యూబు ఇచ్చేవాణ్ణి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకు పట్టి, చూసి తెచ్చేది. రెండేళ్ళలో ఒక్కసారి కూడా మానలేదు. ఆఖరిసారి, ఇక రేపటి నుంచి నేనుండనమ్మా అని చెప్పినా, "మంచిది సారు" అని ముందు ట్యూబే చూసింది.

ఇప్పుడు మీలో ఎవరో ఒకరి దగ్గరికి వస్తూ ఉంటుంది, వికారాబాద్‌లోనో తాండూరులోనో. పక్కన నాలుగైదేళ్ళ ఆడపిల్ల, పొట్టి జుట్టు. వెనక ఎంత పెద్ద లైను ఉన్నా సరే, గా సీస జర చూపియ్యమంటుంది. విసుక్కోకండి. చూపించండి.